నీరజకు చూపిస్తానన్న రాకెట్

మాది మైపాడు. మా ఆయన పోలయ్య సముద్రంలో వేటకు పోతాడు. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు దక్షిణం వైపు పడవలు పోకూడదని ముందే చెబుతారు కాబట్టి ఆ రోజు ఇంట్లోనే ఉంటాడు. మా పెద్దమ్మాయి నీరజ, ఆయన ఇసుకలో నిలబడి మెడలెత్తి చూసేవాళ్ళు. ఒకసారి దగ్గరికి తీసుకుపోయి చూపిస్తానని దానికి మాటిచ్చాడు. పోయినేడు జ్వరం వచ్చి నీరజ మాకు లేకుండా పోయింది. అప్పటినుంచి రాకెట్ రోజున ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు, బయటికి రాడు. చిన్నమ్మాయి పావనికైనా చూపిద్దామని ఈసారి నేనే పట్టుబట్టి బయల్దేరదీశాను. శ్రీహరికోటలో రాకెట్ చూసే గ్యాలరీకి పావని ఫోన్లో ముగ్గురి పేర్లూ నమోదు చేసింది.

పొద్దున ఏడింటి బస్సుకు నెల్లూరు చేరి, అక్కడ మస్తాన్ అనే అతని కారు మాట్లాడుకున్నాం. రానుపోను మూడున్నర వేలు. రాకెట్ సాయంత్రం కాబట్టి కోట, వాకాడు ఊళ్ళ మీదుగా దుగరాజపట్నం దగ్గరి పాత లైట్‌హౌస్ కూడా చూద్దామన్నాను. ఇంగ్లీషువాళ్ళు మద్రాసు కంటే ముందు అక్కడే కోట కట్టుకున్నారట. ఇప్పుడు చూడ్డానికి కోట మిగల్లేదు.

వాకాడు దాటాక మా ఆయన దారి చెప్పడం మొదలుపెట్టాడు. "కుడికి తిప్పు. ఆ దీపాన్ని చిన్నప్పట్నించి చూస్తా ఉండా, కుడిచేతికే వస్తాది."

కొంతదూరం పోయాక మస్తాన్ కారు ఆపేశాడు. "అన్నా, అంతా రొయ్యల గుంటలే. ఇంకా ముందుకు పోతే మనకు కూడా మేత వేస్తారు."

నాకప్పుడు అర్థమయింది. "ఏమయ్యా, నువ్వు చూసింది పడవలోంచి. దక్షిణానికి పోయే పడవకు ఒడ్డు కుడిపక్క. ఇప్పుడు ఒడ్డు మీదే ఉండాం, సముద్రం ఎడమపక్క!"

"నాన్నా, కారుకు తెరచాప కట్టమంటావా?" అంది పావని.

ఆయన నవ్వాడు. ఎన్నాళ్ళకో ఆ నవ్వు విన్నాను. లైట్‌హౌస్ లోపలికి పోనివ్వలేదు గానీ బయటినుంచే చాలాసేపు చూశాడు. "ఇన్నాళ్ళూ దీని ముఖమే చూసినా. వీపు ఇట్లుంటాదా!" అన్నాడు. అక్కడే నీడలో కూర్చుని తెచ్చుకున్న చేపల పులుసు, అన్నం తిన్నాం. మస్తాన్ రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

సూళ్లూరుపేట దాటితే పులికాట్ సరస్సు నీళ్ళ మధ్యనుంచే రోడ్డు. గేటు దగ్గర ఆధార్ కార్డులు చూసి లోపలికి పంపారు. గ్యాలరీ మెట్లమీద వేలమంది జనం. మైకులో అంకెలు వెనక్కి లెక్కపెడుతుంటే ఆయన తల దించేసుకున్నాడు.

"నువ్వు చూడు. నా వల్ల కాదు. బిడ్డకు మాటిచ్చి చూపించలేకపొయినా."

ఇన్నాళ్ళూ నా కడుపులో ఉన్న మాట అప్పుడు చెప్పాను. "ఒకసారి అది నన్నేమడిగిందో తెలుసా? 'అమ్మా, రోజూ రాకెట్ వదలరా? అప్పుడు నాన్న రోజూ ఇంట్లోనే ఉంటాడు కదా' అనింది. దానికి రాకెట్ అంటే నువ్వు ఇంట్లో ఉండే రోజయ్యా. అది చూడాలనుకున్నది చూసే పోయింది."

చెట్లపైన వెలుగు లేచింది. పావని నాన్న గడ్డం పట్టుకుని పైకెత్తింది. రాకెట్ చుక్కంతయ్యేదాకా ఆయన కళ్ళు దించలేదు. చెంపలు తడిసినా తుడుచుకోలేదు.

ఇంటికొచ్చి ఇది రాస్తుంటే అనిపిస్తోంది, నీరజను మరిచిపోవడానికి పోలేదు మేము, దాన్ని నవ్వుతూ తలుచుకోవడం నేర్చుకోవడానికి పోయాం. వచ్చే రాకెట్‌ను మైపాడు ఇసుకలోనే చూద్దామని ఆయనే అన్నాడు. రాకెట్ చూడ్డానికి పోయేవాళ్ళకు ఒక్క మాట. ఆధార్ కార్డు మరవొద్దు. వెలుగు ముందు కనబడుతుంది, మోత కొంచెం ఆగి వస్తుంది. అది గుండెల్లో తగులుతుంది, అప్పటికి పక్కనున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని ఉండండి.