తోడే ఇంజను

నాకంటే వయసులో పెద్దదైన పెట్రోలు ఇంజను ఒకటి నా దగ్గరుంది. ఏ షెడ్డులోనో కాదు, జమ్మలమడుగు దగ్గరి రిజర్వాయరులో, ఒక చిన్న తెరచాప పడవ కడుపులో. ఉండేది ప్రొద్దుటూరు, సముద్రం చూడాలంటే ఒక పూట ప్రయాణం, వీడికి పడవెందుకని మా వీధిలో నవ్వని వాళ్లు లేరు. నవ్వనీ. కాకిపిల్ల కాకికి ముద్దు.

గాలి ఉంటే తెరచాప, లేకుంటే ఇంజను. ఆదివారం వచ్చిందంటే దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంటాను. ప్లగ్గు విప్పి మసి గీకుతాను, కార్బొరేటరు కడుగుతాను, దొరకని గ్యాస్కెట్లు దళసరి అట్ట కత్తిరించి నేనే చేసుకుంటాను. అది తీసేసి కొత్త డీజిలు ఇంజను పెట్టుకోమన్న వాళ్లతో మాటలు మానేశాను. దానికి ఒకటే తిక్క. వేడి మీద ఆపితే అలుగుతుంది, ఓ పట్టాన మళ్లీ లేవదు. తిక్క నాకు మాత్రం లేదా?

ఆ పడవ ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా మా అక్క ఎక్కాలని నా ఆశ. ఆమె అత్తగారి ఊరు ఆ నీళ్ల కిందే మునిగింది. అప్పుడే పులివెందులకు పోయారు. బావ అక్కడే కాలం చేశాడు. ఎన్నిసార్లు పిలిచినా, ఊరిని మింగిన నీళ్లు నన్ను మింగవా అనేది. ఈ ఏడు ఎండలు ముదరకముందే తనే ఫోను చేసి వస్తానంది. ఎందుకని నేనడగలేదు.

ఒడ్డున ఇంజను స్టార్టు చేశాను. పడవ పక్కనున్న గొట్టంలోంచి నీళ్లు బుడుక్కు బుడుక్కుమంటూ బయటికి పడ్డాయి. అక్క ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది.

"ఏంరా, అప్పుడే నీళ్లు తోడతాంది? ఓటి పడవలో తీస్కపోతాండావా నన్ను?"

మా సీమలో ఇంజనంటే బావిలో నీళ్లు తోడేది. దానికి ఇంకో పని ఉంటుందని ఎవరికీ తట్టదు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు చాకిరీ చేసి నిలబెట్టుకున్నదాన్ని పట్టుకుని ఓటి పడవంటుందా! చల్లబడటానికి అది రిజర్వాయరు నీళ్లు తాగి, వేడెక్కిన నీళ్లను బయటికి కక్కుతుందని గట్టిగానే చెప్పాను. నమ్మలేదు. చెయ్యి పట్టుకుని ఆ గొట్టం కింద పెట్టించాను. నీళ్లు గోరువెచ్చగా తగిలాక ఎక్కింది.

ఆ పూట ఆకు కదల్లేదు, తెరచాప విప్పే పనే లేకపోయింది. అక్క రెండు గుట్టల నడిమి సందును గురుతు పెట్టుకుని దారి చెప్పింది. ఒకచోట చెయ్యెత్తింది.

"ఈడే రా మా ఇల్లు. ఇంజను రోంతసేపు ఆపు."

ఆమె భయపడే నీళ్ల నడుమ, ఆమె ఇంటి మీద, ఇది మొండికేస్తే అక్క ఇంకెప్పుడైనా నా పడవ మొహం చూస్తుందా? అయినా ఆపాను. చప్పుడు పోయింది. అక్క నీళ్లలోకి వంగి చూస్తూ వంటిల్లు ఎటు, దొడ్డి ఎటు, బావ తవ్వించిన బావి ఎటు అన్నీ మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ బావి మీదా ఒక ఇంజనుండేదట. దాని చప్పుడు ఆగిందంటే బావ అన్నానికి వస్తున్నాడని లెక్కట. ఏడుస్తుందేమో అనుకున్నాను. నాకే కళ్లు నిండాయి.

ఇంక పోదామంది. హ్యాండిలు తిప్పాను. లేవలేదు. మళ్లీ తిప్పాను. పెట్రోలు వాసన గుప్పుమంది. అక్క పడవ అంచు గట్టిగా పట్టుకుంది. ఇంజనును తిట్టబోయి ఆగాను. పెట్రోలు కుళాయి మూసి, వేళ్లు కాలుతున్నా ప్లగ్గు విప్పి, లుంగీ అంచుతో తుడిచి, ఆరనిచ్చి బిగించాను. కుళాయి విప్పి హ్యాండిలు తిప్పాను. దగ్గింది. ఇంకోసారి దగ్గి అందుకుంది. గుట్టలు మారుమోగాయి. నా ఇంజను! నా పరువు నిలబెట్టింది.

గొట్టంలోంచి మళ్లీ నీళ్లు పడసాగాయి. ఈసారి అక్క తనంతట తానే చెయ్యి చాచి ఆ వెచ్చటి నీళ్ల కింద పెట్టింది. పడవను ఒడ్డు వైపు తిప్పబోతుంటే నన్ను ఆపింది.

"రోంతసేపు ఈడనే ఉండనీరా. తోడనీ. మా ఊరి మీది నీళ్లన్నీ తోడెయ్యనీ."