పైపు మీద అరచెయ్యి

నకిరేకల్ దగ్గర మా బత్తాయి తోటలో మోటార్లు బాగుచేయడానికి ఒక మెకానిక్ వచ్చేవాడు. స్విచ్ వేశాక అందరం నీళ్లు పడే తొట్టివైపు చూస్తే, ఆయన మాత్రం కళ్లు మూసుకుని పైపు మీద అరచెయ్యి ఆనించేవాడు. నీళ్లు ఎక్కి వచ్చేముందు ఇనుము సన్నగా వణుకుతుందట. "జర ఆగు తమ్మీ, వస్తాంది" అనేవాడు, కలలో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు.

పెళ్లయి ఆరేళ్లయినా ఆయనకు పిల్లల్లేరు. ఊరంతా భార్యనే తప్పుపట్టింది. వాళ్లమ్మ ఇంకో సంబంధం కూడా చూసింది. అప్పుడు ఆయన నల్లగొండ దవాఖానలో చూపించుకుని వచ్చి, వాకిట్లో నలుగురూ వినేటట్టు చెప్పాడు: "అమ్మా, దానికేం లేదు. వాల్వ్ నాదే పోయింది."

డాక్టరు వేరికోసిల్ అన్నాడట. నాకు మాత్రం తన భాషలో చెప్పాడు. "బావిల వాల్వ్ పోతే నీళ్లు ఎనక్కి జారుతయి సూడు, గట్లనే. వృషణాలకాడి నరాలల్ల రక్తం ఎనక్కొచ్చి నిలుస్తాంది. గా రక్తం వేడికి వీర్యంల బీజాలు బలం పడ్తలేవట."

ఆపరేషన్ చేసి ఆ నరాలు కట్టేశారు. ఫలితానికి నెలలు పడుతుందనీ, తప్పకుండా వస్తుందని చెప్పలేమనీ అన్నారు. ఆ ఏడాదంతా ఆయన, నీళ్లు పడ్డాక కూడా పైపు మీది చెయ్యి తీసేవాడు కాదు.

బత్తాయి మళ్లీ పూతకొచ్చిన ఒక పొద్దున, పనిముట్ల సంచి లేకుండా వచ్చాడు. గట్టు మీద ఆయన భార్య ఒక చెయ్యి కడుపు మీద ఆనించి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆయన నా చెయ్యి పట్టుకుని పైపు మీద పెట్టాడు.

"సూడు తమ్మీ, వస్తాంది."

కళ్లు మూసుకున్నాను. తోటంతా పూల వాసన. నా చేతిమీద ఆయన అరచెయ్యి సన్నగా వణుకుతోంది.

మోటారు ఇంకా వేయనే లేదు.