చలికి మాయమైన అక్షరాలు

ఏళ్ల తరబడి గుండె మీద ఒక కొండను మోస్తున్నాను. కాదు, ఇదీ నా గొప్పల కోతల్లో ఒకటే. నేను మోస్తున్నది వడ్లగింజంత రెసిస్టర్‌ను. అంత చిన్నదాన్ని దించుకోలేకపోయానంటే నా గురించి మీరేమనుకున్నా సరే, చివరిదాకా వినండి.

రుద్రారం కాలేజీ పిల్లలు ప్రాజెక్టులు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. చిన్న ఎల్‌సీడీ తెర మీద అక్షరాలు కనబడటం లేదు తాతా అంటారు. తెరకు ఐదు వోల్టులిస్తే సరిపోదు, అక్షరాల నలుపు సరిచేసే పిన్ను వేరే ఉంటుంది, దానికందే వోల్టేజీ కుదరకపోతే తెర ఖాళీగానో నల్లటి గళ్లుగానో కనబడుతుందని చెబుతాను. అంతవరకూ నిజమే. ఆ తరవాత నా గొప్ప మొదలవుతుంది. ఆ వోల్టేజీని తిప్పి సరిచేసే ప్రీసెట్‌ను పీకేసి, ఒక్క రెసిస్టర్‌తో పని కానిచ్చిన మొదటి మొనగాణ్ని నేనేనని, అది చూడటానికి జపాన్ వాళ్లు పటాన్‌చెరు దాకా వచ్చారని.

జపాన్ వాళ్లెవరూ రాలేదు. పక్క షెడ్డు వెల్డర్ వచ్చాడు, అదీ చాయ్‌కి.

పటాన్‌చెరులో మేము పనిచేసిన షెడ్డు మాత్రం నిజం. కోల్డ్ స్టోరేజీలకు ఉష్ణోగ్రత చూపించే డబ్బాలు చేసేవాళ్లం. డిజైన్ నాది. సోల్డరింగ్ మణెమ్మది. మేము టాంకా అనేవాళ్లం. ఆమె పెట్టిన టాంకా అద్దంలా మెరిసేది. కొత్తగా చేరిన ఆడవాళ్లను పని నేర్చుకోమని ఓనరు ఆమె బల్ల దగ్గరికే పంపేవాడు. ఒక ఎండాకాలం ఓనరు ఖర్చు తగ్గించమన్నాడు. ప్రీసెట్ తిప్పి, అక్షరాలు నిండుగా కనబడిన చోట కొలిచి, అంతే విలువున్న రెసిస్టర్ వేయించాను. ఓనరు భుజం తట్టాడు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

కోల్డ్ స్టోరేజీల నుంచి డబ్బాలు తిరిగొచ్చాయి, తెర మీద ఏమీ కనబడటం లేదని. మా బల్ల మీద పెడితే మాత్రం ప్రతి అంకే చక్కగా కనబడేది. ఇలా వచ్చీపోయే లోపమంటే ఎవరికైనా ముందు తోచేది వదులు టాంకాయే. ఓనరు నా వైపు చూశాడు. టాంకా లూజు అన్నాను. అప్పటికి నిజంగా అలాగే అనుకున్నానా? అనుకోవాలనుకున్నాను.

ఒక డబ్బా ఇంటికి తీసుకుపోయి, వైరు తలుపు సందులోంచి లాగి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. అన్నం తిని తలుపు తీస్తే అక్షరాలు మాయం. బయట పెడితే మెల్లగా తేలి వచ్చాయి. చలిలో ఆ తెరకు ఇంకాస్త వోల్టేజీ కావాలి. ప్రీసెట్ ఉంటే కోల్డ్ స్టోరేజీ మనిషే కాస్త తిప్పుకునేవాడు. ఆ తిప్పుకునే వీలునే నేను తీసేశాను.

పొద్దున చెప్పాలనే బయలుదేరాను. నేను వెళ్లేసరికే మణెమ్మను ప్యాకింగ్‌కు మార్చేశారు. అట్టపెట్టెకు టేపు అంటిస్తూ అడిగింది.

"అన్నా, నిజం చెప్పు. నా చెయ్యే తప్పిందా?"

"అయితది మణెమ్మా. ఎవలకైనా అయితది. ఫికర్ చెయ్యకు."

"ఏమో అన్నా, సూపు తగ్గిందేమో. నాకైతే ఎరుకైతలేదు."

ఓదార్చాను, చూశారా? ఆ ఓదార్పే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. తరవాత చేసింది ఇంకా నీచం. కొత్త డబ్బాలకు చడీచప్పుడు లేకుండా మళ్లీ ప్రీసెట్ పెట్టించి, డిజైన్ మెరుగుపరిచానన్నాను. డబ్బాలు తిరిగిరావడం ఆగిపోయింది. మణెమ్మ చెయ్యి పడకపోవడం వల్లే ఆగిందని షెడ్డంతా నమ్మింది. ఆమె కూడా నమ్మింది. మళ్లీ సోల్డరింగ్ ఐరన్ ముట్టలేదు. నేనెందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. ఓనరు తట్టిన ఆ భుజాన్ని దించుకోవడం ఇష్టం లేక.

మొన్న ఒక అమ్మాయి తన బోర్డు తెచ్చింది. చలి ఎంతుందో చూసి ప్రోగ్రామే పల్సులు పంపుతుంది. ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు వాటిని నిలకడైన వోల్టేజీగా మారుస్తాయి. చలిని బట్టి తెర తన నలుపును తానే సర్దుకుంటుంది. ఖర్చు దాదాపు లేనట్టే. చలికి అక్షరాలు పోతాయని మీకు తెలిసే ఉంటుంది కదా తాతా అంది. తెలుసు. జపాన్ కథ ఆ పూట నోట్లోనే ఆగిపోయింది.

ఆదివారం మణెమ్మ ఉండే కాజీపల్లి వెళ్లాను. చర్చిలో ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చిన ఆమె ముందు కూర్చుని, పెరుగు గిన్నె నుంచి ఆ అమ్మాయి బోర్డు దాకా అంతా చెప్పాను. ఏడవలేదు, తిట్టలేదు. తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకుంది. నాకు చెబితే ఏం లాభం, ఆ బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లందరికీ తెలియాలంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె పేరు రాయమన్నది ఆమే. కింద నా పేరు పెడతానంటే మాత్రం ఒప్పుకోలేదు.

"నీ పేరు పెడ్తే మల్ల నీ కథే అయితది అన్నా."

క్షమించానని అనలేదు. నేను లేచి గడప దాటుతుంటే, ఆ పిల్ల బోర్డు ఒకసారి తెమ్మంది, టాంకాలు ఎట్లున్నయో చూస్తానని. రేపు తీసుకుపోతున్నాను.

మణెమ్మ చెయ్యి ఏనాడూ తప్పలేదు. ఈ ఒక్క మాటలో కోత లేదు.