నర్సమ్మకిచ్చిన ఇస్త్రీపెట్టె

ఎన్నికలొస్తే ఆ సందులో అందరికంటే ముందు తీరిక పోయేది ఇస్త్రీ అక్కకే. పోటీలో ఉన్నవాళ్ల తెల్లచొక్కాలన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. ఏ పార్టీ చొక్కాకైనా కాలరు మురికి ఒకటే రంగు అంటుందామె. మాట చురుకు, చేయి నిదానం. బొగ్గులపెట్టె పిడి ఎప్పుడో చీలిపోయింది. దానికి తడిగుడ్డ చుట్టి, గుడ్డ ఆరినప్పుడల్లా మళ్లీ తడుపుకుంటూ నెట్టుకొస్తోంది. కరెంటుపెట్టె కొనుక్కుందామని అటక మీద పాత పౌడరు డబ్బాలో కాస్త కాస్త దాస్తోంది.

మొగుడు వడ్రంగి. ఊళ్లో తలుపులన్నిటికీ పిడులు చెక్కే మనిషికి పెళ్లాం ఇస్త్రీపెట్టె దగ్గరికొచ్చేసరికి తీరిక దొరకదు. అడిగితే, "ఎలాగూ కొత్తది కొంటున్నావుగా, చచ్చేదానికి వైద్యమెందుకు" అనేవాడు.

ఆ ఏడు, వార్డులోని కాన్పుల ఆస్పత్రి ఎత్తేసి, ఆ గదుల్లో పన్నుల ఆఫీసు పెడతారని కబురు పుట్టింది. ఇస్త్రీ అక్క కూతురికి అప్పుడు అయిదో నెల. పెద్దాస్పత్రికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. నొప్పులకు బస్సుల వేళలు తెలియవు కదా. పైగా ఈ కూతురు పుట్టినప్పుడు పేగు మెడకు చుట్టుకుని నీలంగా వచ్చింది. ఈ చిన్న ఆస్పత్రిలోనే నర్సమ్మ పేగు తప్పించి, వీపు రుద్ది రుద్ది ఏడిపించింది. "ఆ రోజు తెరిచిన నోరు ఇప్పటికీ మూయలేదు మా పిల్ల" అని నర్సమ్మను తలుచుకున్నప్పుడల్లా నవ్వేది తల్లి.

ఉద్యోగం నుంచి రిటైరైన ఆ నర్సమ్మే, ఆస్పత్రి నిలబెట్టాలని వార్డు ఎన్నికలో నిలబడింది. వెనక పార్టీ లేదు, ముందు జీపు లేదు. ఇస్త్రీ అక్క అటక మీది డబ్బా దింపి, తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టింది.

నర్సమ్మ మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది. "ఇది నీ కరెంటుపెట్టె కదే. నేను గెలిచేది అనుమానమే. తీసుకుపో."

"గెలిస్తే ఆస్పత్రి ఉంటుంది. ఓడితే నా పాతపెట్టె ఎలాగూ ఉంది. ఇందులో నాకు పోయేదేముందమ్మా?"

పోయేదేమిటో ఇంట్లో మొగుడు వివరంగా చెప్పాడు. "ఏట్లో వేసినా ఎంచి వేయమన్నారు. డబ్బిచ్చేవాళ్లు గెలిచేవాడికిస్తారు. రేపు పని పడితే గుర్తుంచుకుంటాడు. నువ్వు పోయి ఓడిపోయేదానికిచ్చావు."

"ఎంచే వేశానయ్యా. గెలిచేవాడు మన పిల్లకు పురుడు పోస్తాడా?"

"అయితే ఆ పిడి కూడా నర్సమ్మనే చెక్కమను" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఆ డబ్బుతో నర్సమ్మ కరపత్రాలు వేయించింది. 'ఆస్పత్రి పోతే కాన్పు బస్సులోనే' అని పైన పెద్ద అక్షరాలు. ఒక కట్ట తెచ్చి ఇస్త్రీ బల్ల కింద పెట్టి, ఇంటింటికీ పంచమంది. తిరిగే తీరిక అక్కకెక్కడిది? చొక్కా మడత నలగకుండా లోపల పాత పేపరు పెట్టడం ఆమెకు అలవాటు. ఆ రోజు పేపర్లు అయిపోయాయి. కరపత్రం కాగితం చూస్తే బిరుసుగా బాగుంది. ఇంకేం, మడతకొకటి పెట్టేసింది. ఏ చొక్కా ఎవరిదో చూసుకోలేదు. నర్సమ్మ మీద పోటీ చేస్తున్న కాంట్రాక్టరుగారి చొక్కాలు కూడా ఆ దొంతరలోనే ఉన్నాయి.

మర్నాడు కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. అందరూ అతన్ని 'మీసాలు' అనే పిలుస్తారు. చేతిలో కరపత్రం.

"అక్కా, మా అన్న చొక్కా విప్పితే నర్సమ్మ ఊడిపడింది. ఏంటిది?"

అక్క మనసులో లెక్కేసుకుంది. ఆ ఇంటి బట్టలు పోతే నెలలో సగం పని పోయినట్టే. "మడత నిలబడటానికి పెట్టాను బాబూ. వేరే ఉద్దేశం లేదు."

"అన్న కోప్పడలేదులే. చదివాడు. ఈ ఆస్పత్రి సంగతి జనం నిజంగా పట్టించుకుంటున్నారా, కనుక్కు రమ్మన్నాడు."

అక్క పెట్టె కింద పెట్టింది. "నా దగ్గరికి బట్టలు తెచ్చే ఆడవాళ్లు ఇంకో మాట ఎత్తితే ఒట్టు. మీ వదినను అడగమను, ఆవిడ కాన్పు కూడా అక్కడేగా."

రెండు రోజులకు కాంట్రాక్టరు మైకులో ఆస్పత్రి ఎక్కడికీ పోదని మాటిచ్చాడు. గెలిచాడు. నర్సమ్మకు డిపాజిట్టు కూడా రాలేదు.

"చూశావా" అన్నాడు వడ్రంగి. అంతకంటే అనలేదు, అంతే చాలనుకున్నాడు.

కరపత్రం చూసే మాటిచ్చాడా, ఇంట్లో ఆవిడ గట్టిగా అడిగిందా, ఎవరికీ తెలియదు. గెలిచాక మాత్రం మర్చిపోయాడు. నర్సమ్మ మర్చిపోనివ్వలేదు. ఓడిన మనిషి ఇంట్లో కూర్చోకుండా, ఆడవాళ్లను వెంటేసుకుని వారం వారం ఆయన గుమ్మంలో కూర్చుంది. "మైకులో అన్నమాట నాయనా, మేం విన్నాం" అని మర్యాదగానే అనేది. చివరికి ఆస్పత్రిలో ముందు రెండు గదులు పన్నుల ఆఫీసుకు పోయాయి. వెనక మూడు గదులూ, మంచాలూ, నర్సూ మిగిలాయి.

కూతురి కాన్పు ఆ వెనక గదుల్లోనే అయింది. వడ్రంగికి కూర్చోను చోటు లేక పన్నుల ఆఫీసు బల్ల మీద కూర్చున్నాడు. గోడ అవతల పసిపిల్ల కేరుమంటే పన్ను కట్టేవాళ్లందరూ తలెత్తారు. కాన్పుకు సాయం వచ్చిన నర్సమ్మ బయటికొచ్చి, "ఈసారి ఏడిపించాల్సిన పని పడలేదయ్యా, నోరు మాత్రం తల్లి పోలికే" అంది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆమెకు తన కుర్చీ... కుర్చీ లేదు కనక బల్ల మీదే చోటు చూపించాడు.

మర్నాడు పొద్దున ఇస్త్రీ అక్క బల్ల దగ్గరికొచ్చేసరికి తడిగుడ్డ లేదు. పెట్టెకు కొత్త పిడి ఉంది. గట్టి చెక్క, నున్నగా చెక్కినది. పట్టుకు చూసింది. చేతికి వేడి తగల్లేదు.

"కాస్త లావైంది" అంది.

"నర్సమ్మ చెక్కితే సన్నగా వచ్చేదేమో" అన్నాడు మొగుడు, రంపం సంచీలో పెట్టుకుంటూ.

అక్క నవ్వి బొగ్గులు రాజేసింది. దొంతరలో పైనున్నది కాంట్రాక్టరుగారి చొక్కా.