‘ఎట్ల పోయిండు?’ అనే శరణప్ప

శరణప్ప ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే అడిగే మాట ఒక్కటే: మీ ఇంట్లో ఎవరు పోయారు, ఎట్లా పోయారు? జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెలు తిరిగి చావుల కారణాలు రాసుకోవడం ఆయన సర్కారు కొలువు. కొలువు సాయంత్రం ఐదింటికి అయిపోయేది, అడగడం అయ్యేది కాదు. పెళ్లి బంతిలో కూడా పక్కవాడి తాత చావు గురించి ఆరా తీసేవాడు. కోహీర్‌లో దగ్గున్నవాళ్లు ఆయన సైకిలు కనబడితే చాలు, దగ్గు బిగబట్టుకునేవారు.

దేవుడు తీసుకపోయాడంటే ఒప్పుకునేవాడు కాదు. ఆ కాగితం ఢిల్లీ పోతుందనీ, దేశంలో ఏ మూల ఏ రోగంతో ఎక్కువ పోతున్నారో అక్కడ లెక్క కడతారనీ, అందులో దేవుడికి గడి లేదనీ చెప్పేవాడు.

డెబ్బై తొమ్మిది వానాకాలంలో, న్యాల్‌కల్ దగ్గరి పల్లెలో దేవమ్మ పెనిమిటి వీరప్ప పోయాడు. కాలికి నాగలి కర్రు దిగింది. వారానికి దవడలు బిగుసుకున్నాయి. కోడలి పాదం మంచిది కాదంది అత్త ఎల్లమ్మ. ఊరు తలూపింది. శరణప్ప వచ్చి గంటసేపు ప్రశ్నలడిగి, ధనుర్వాతం అని రాసి, వాకిట్లో అందరికీ వినబడేటట్టు చదివాడు.

“తప్పు కర్రుది ఎల్లమ్మా. కోడలి పాదానిది కాదు. సర్కారు కాగితంల రాసిన.”

నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు, కొన్ని గడులు మిగిలాయంటూ. వీరప్ప పూటకెన్ని రొట్టెలు తినేవాడు? కోపమొస్తే ఏం చేసేవాడు? దేవమ్మకు వింతగా తోచింది. అయినా చెప్పింది. ఆ పేరెత్తితే ఇంట్లో అత్త ఏడ్చేది, బయట జనం మాట మార్చేవారు. మగని గురించి నోరారా చెప్పుకోవడానికి ఆమెకు దొరికింది సర్కారు ఒక్కటే.

“ఎద్దులతోని కన్నడం మాట్లాడేటోడు సారూ. నాతోని తెలుగే.”

“ఎందుకట్ల?”

“అవి బీదర్ ఎద్దులు.”

ఆయన అదీ రాసుకున్నాడు.

ఏదో ఒక గడి మిగిలిందంటూ ఆయన రావడం, ఆమె చెప్పడం, నాలుగేళ్లు ఇట్లాగే గడిచాయి. ఎనభై మూడులో శరణప్ప రిటైరయ్యాడు. ఆయన జాగాలో పీటర్ అనే ఉద్యోగి వచ్చాడు. వీరప్ప కాగితంలో ఇంకేం మిగిలిందని దేవమ్మే అడిగింది. పీటర్ తెల్లబోయాడు. ఆ కాగితం ఒక్కటే పేజీ అనీ, శరణప్ప దాన్ని మొదటి వారమే పంపేశాడనీ, రొట్టెల సంగతి రాసే గడి దేశంలో ఎక్కడా లేదనీ చెప్పాడు.

అంగడి రోజు దేవమ్మ జహీరాబాద్ పోయింది. చంద్రప్ప హోటల్లో శరణప్ప ఒక్కడే కూర్చున్నాడు. ఆమె నిష్ఠూరమాడలేదు. ఎదుటి బెంచీ మీద కూర్చుని, ఇన్నేళ్లలో ఆయన్నెవరూ అడగనిది అడిగింది.

“మీ ఇంట్ల ఎవరు పోయిన్రు సారూ?”

శరణప్ప రెండు చాయ్‌లు చెప్పాడు.

“మా ఇంటామె అనంతమ్మ. పచ్చి ఉల్లిగడ్డ కరకర నములుతుండె. పక్కింటోళ్లు లేచి కూసుందురు.”

దేవమ్మకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. బయట న్యాల్‌కల్ బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. ఆమె లేవలేదు.