క్యాంప్ టూలో గుడ్డబొమ్మలాట

డెబ్బైల చివర్లో, హిందీవాళ్ళ ఊళ్ళో ఉన్న మా ఫ్యాక్టరీ క్వార్టర్ల సెక్టార్‌లో ఆఫీసర్ల భార్యలకు ఒక సంఘం ఉండేది. పేదల్ని ఉద్ధరించడం వాళ్ళ పని. ఆ ఉద్ధరణ మధ్యాహ్నం నిద్రకీ సాయంత్రం టీకీ మధ్య జరిగేది. కాంట్రాక్టు పనుల్లో దెబ్బలు తగిలి మంచాన పడ్డవాళ్ళ భార్యలు కూలీల బస్తీ క్యాంప్ టూలో చాలామంది ఉన్నారనీ, వాళ్ళు బొత్తిగా నవ్వడం లేదనీ సంఘం కనిపెట్టింది. మందు కూడా తనే కనిపెట్టింది: కళలు.

నేర్పడానికి నన్ను పట్టుకున్నారు. విజయనగరంలో మా మేనత్త దగ్గర గుడ్డబొమ్మలు కుట్టడం నేర్చుకున్నాను, అదీ నా అర్హత. మా ఆయన వాళ్ళ ఆయనల కింద పనిచేసేవాడు కాబట్టి కాదనే అర్హత నాకు లేదు.

మొదటివారం సంఘం గులాబీరంగు కాగితాలు పంపింది, పువ్వులు చేయించమని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడ, మొగుడికి నడుం విరిగింది, కాగితం తిప్పి తిప్పి చూసింది.

"ఏటమ్మా ఇది? మా ఇంటాయన్ని పక్క తిప్పడానికే నా పేణం పోతంది. ఈ పువ్వేటి సేస్తాది?"

"మనసు తేలికవుతుందట అక్కా."

"ఎవులన్నారు?"

"ప్రెసిడెంట్ మేడం."

"ఆయమ్మకి మనసెప్పుడు బరువెక్కిందమ్మా?"

పైవారం కాగితాలు ఇంట్లో వదిలేసి పాతచీరలు, దూది, సూదులు పట్టుకెళ్ళాను. చేతికి తొడిగి ఆడించే బొమ్మలు కుట్టాం. కుట్టడం మొదలెట్టాక వాళ్ళకి నోళ్ళు వచ్చాయి. బొమ్మలకి అత్తల మొహాలూ, కూలీల్ని పెట్టుకునే ఠేకేదార్ల మీసాలూ వచ్చాయి.

వార్షికోత్సవానికి బొమ్మలాట వెయ్యమంది సంఘం. ఒక పెద్దాఫీసరు ముఖ్య అతిథి. ఏం వేస్తున్నారని నేనడిగితే, "సూద్దువులే" అన్నారు. తెర మీదికి పట్టుగుడ్డ చీరలో, నల్లకళ్ళద్దాలతో ఒక మేడం బొమ్మ వచ్చింది. మంచం మీద మొగుడి బొమ్మ మూలుగుతోంది. "ముస్కురాయియే బహన్‌జీ, ముస్కురాయియే!" అంది మేడం. గొంతు శ్రీకాకుళం ఆవిడది.

"నవ్వుతాను గానీ, ఈయన్ని పక్క తిప్పాల. ఓపాలి కాళ్ళట్టుకో తల్లీ," అంది పెళ్ళాం బొమ్మ.

"హాయ్ రామ్! నా చీర నలిగిపోదూ?"

హాలు గొల్లుమంది. శ్రీకాకుళం ఆవిడ మొగుణ్ణి చుట్టుపక్కలవాళ్ళు మంచంతో సహా మోసుకొచ్చారు. పడుకునే పగలబడి నవ్వాడతను. "ఆయన నవ్వుతా ఉంటే తెరెనకాల నాకు ఏడుపొచ్చీసిందమ్మా," అని తర్వాత చెప్పిందావిడ.

మా ఆయన ఉద్యోగం ఊడుతుందేమోనని నేను ఆలోచిస్తుండగానే ప్రెసిడెంట్ మేడం వచ్చి నా భుజం తట్టింది. "భలే పట్టారు. అలాంటివాళ్ళు ఉంటారు. మన సెక్రటరీ అచ్చం అంతే!" కాసేపటికి సెక్రటరీ వచ్చి, అచ్చం మన ప్రెసిడెంటే అని నవ్వింది. ఇంత తెలివైనవాళ్ళ చేతుల్లో పేదలు ఉద్ధరించబడకుండా ఎలా ఉంటారు?

ఒక్కావిడకి మాత్రం అర్థమైంది. సంఘంలో ఎప్పుడూ మాట్లాడని ఒక చిన్న ఇంజనీరు భార్య. మర్నాడు ఒక్కతే శ్రీకాకుళం ఆవిడ ఇంటికి వెళ్ళి, కొంగు బొడ్లో దోపి, పక్క తిప్పడానికి ఎక్కడ పట్టుకోవాలని అడిగిందట. ఆ తర్వాత వారంవారం వెళ్ళేది.

"ఎలా పట్టుకుంటోంది అక్కా?" అనడిగాను.

"పట్టుకోడం రాదు పాపం. నేర్సుకుంటంది."