నేరుగా కలిశాను, బాగున్నాడు

మా బాబాయ్ ఫోన్ చేస్తే అవతలివాళ్లకు ముందు వినిపించేది గొంతు సవరించుకునే చప్పుడు. ఆ తర్వాత, "నమస్కారమండీ, ఆసుపత్రి నుంచి. కంగారుపడకండి, ఊరికే చేశాను" అంటాడు. ఆసుపత్రి నుంచి ఊరికే ఫోన్ చేసేవాళ్లు ఎక్కడా ఉండరు కాబట్టి, అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న మనిషి కూడా ఆ మాటతో కంగారుపడి కుర్చీ వెతుక్కుంటాడు.

ఆయన ఉద్యోగమే అది. పెద్ద ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగంలో నమోదు గుమస్తా. అక్కడ వైద్యం చేయించుకుని వెళ్లిన ప్రతి మనిషికీ కంప్యూటర్లో ఒక నంబరు ఉంటుంది. ఏడాదికోసారి ఆ మనిషికి ఫోన్ చేసి, ఎలా ఉన్నాడో కనుక్కుని, ఆ నంబరు ఎదురుగా ఎక్కించాలి. ఇంతమంది జాడ మాకు తెలుసని పైసంస్థకు నివేదిక పంపితేనే విభాగానికి గుర్తింపు నిలుస్తుంది. ఆ గుర్తింపు పత్రానికి అద్దం కట్టించి లిఫ్టు పక్కన తగిలించారు. దాని కోసం ఫోన్లు చేసే మనిషికి మాత్రం మెట్ల కింద గది ఇచ్చారు. ఆసుపత్రుల్లో గోడలకు దక్కే మర్యాద మనుషులకు దక్కదు.

బాబాయ్‌కి ఇవేవీ పట్టవు. ఆయన ధ్యాసంతా ఫోన్ మీదే. 'బతికే ఉన్నారా' అన్న ప్రశ్నను ఆ మాట పలక్కుండా అడగడం ఆయన విద్య. పోయినేడు ఆ ఇంట్లో కుళాయి కారుతోందని విన్నాడనుకోండి, ఈ ఏడు ముందు కుళాయి సంగతి అడుగుతాడు. ఆ తర్వాత అల్లుడి సంగతి, మేడమీదవాళ్ల కుక్క సంగతి. అవతలిమనిషి విసుక్కోవడం మొదలుపెట్టగానే కుర్చీలో వెనక్కి వాలతాడు.

"సణుగుతున్నాడంటే బాగున్నట్టే. అన్నీ బాగున్నాయండీ అన్నాడంటే మాత్రం వదలకూడదు. అక్కడే ఏదో ఉంటుంది." కొత్తగా చేరిన డేటా ఆపరేటర్‌కు ఆయన చెప్పిన మొదటి పాఠం ఇదే. ఆ అమ్మాయి చురుకైన మనిషి, మాట తక్కువ. ఆవిడకు 'కంప్యూటరమ్మ' అని పేరు పెట్టింది బాబాయే. ఆసుపత్రి ఆయనకు పెట్టిన పేరు 'క్షేమం గారు'.

పిన్నికి ఈ పేరు వింటే ఒళ్లు మంట.

"ఊరందరి క్షేమం కావాలి మీ బాబాయ్‌కి. తన సంగతి అడిగి చూడు, ఏ గదిలోకి దూరతారో" అనేది నాతో. నేను వాళ్ల మేడమీద గదిలో ఉంటాను. ఆ మాట ఆవిడ మేడమెట్ల కిందే నిలబడి, ఆయనకు వినపడేలా చెప్పేది.

ఆవిడ బాధ వేరే. ఆరేళ్ల క్రితం బాబాయ్‌కి పెద్దపేగులో గడ్డ తీశారు. తీసింది ఆ ఆసుపత్రిలోనే. అంటే ఆ కంప్యూటర్లో ఆయనకూ ఒక నంబరుంది. మొదట్లో చెప్పిన వేళకు, పేగులోకి గొట్టం వేసి చూసే పరీక్షకు వెళ్లొచ్చాడు. తర్వాత మానేశాడు. రెండేళ్లుగా పిన్ని అడగడం, ఆయన వచ్చే నెల అనడం. వచ్చే నెల వచ్చాక పనుందనడం.

మరి ఏడాదికోసారి ఆయన నంబరు ఎదురుగా ఎక్కించాల్సిన సంగతో? అది తనే ఎక్కించుకునేవాడు. 'నేరుగా కలిశాను, బాగున్నాడు.' ఆ మాట పిన్నికి కూడా గొప్పగా చెప్పాడు, అబద్ధం కాదుగా అని.

"కలిశారు సరే. కడుపులో ఏముందో ఆయన మీతో చెప్పాడా?" అంది పిన్ని.

బాబాయ్ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆయనకు ఇంకో పని కూడా ఉంది. నెలకోసారి 'మన విభాగం విశేషాలు' అని ఒక కాగితం రాసి నోటీసు బోర్డులో పెడతాడు. పైసంస్థ మార్చిన నిబంధనలు, నివేదికల గడువులు, ఎవరికైనా పదోన్నతి వస్తే అభినందనలు. ఆ కాగితాన్ని చదివేవాళ్లు ఇద్దరే. రాసిన ఆయన, పెట్టేముందు తప్పులు చూసే నేను. అయినా ప్రతి నెలా అదేదో దేశమంతా ఎదురుచూసే పత్రికన్నట్టు, బల్ల మీద ఇంకేమీ లేకుండా తుడిచి మరీ రాస్తాడు.

ఆ నెల విశేషం పెద్దది. నివేదిక పద్ధతి మారింది. ఇకమీదట మనిషి కనిపించాడంటే చాలదు. చివరి పరీక్ష ఎప్పుడైందో, అందులో ఏం తేలిందో కూడా ఎక్కించాలి. ఆసుపత్రి ఉద్యోగే రోగి అయితే, తన వివరం తను ఎక్కించుకోకూడదు, మరొకరు ఫోన్ చేసి అడగాలి. బాబాయ్ ఉత్సాహంగా రాసుకుపోయాడు. చివర్లో సొంతంగా ఒక వాక్యం కూడా తగిలించాడు: 'ఈ నిబంధనకు ఎవరూ అతీతులు కారు. అందరూ సహకరించగలరు.'

నేను చదివి, "బాబాయ్, ఇది నీకూ వర్తిస్తుందేమో" అన్నాను.

"నీకు అక్షరదోషాలు చూడమని ఇచ్చాను" అన్నాడు.

అప్పటికీ ఆయన బుర్రకు ఎక్కలేదని నా నమ్మకం. పాతికేళ్లు ఇతరుల గురించి రాసి రాసి, రోగి అన్న మాటలో తను కూడా ఉంటాడని మరిచిపోయాడు.

నెలాఖరు సమావేశంలో కంప్యూటరమ్మ కొత్త పద్ధతి ప్రకారం తీసిన నివేదికను గోడ మీద చూపించింది. వివరం అందనివాళ్ల నంబర్లన్నీ ఎర్రగా ఉన్నాయి. అందులో ఒక నంబరు దగ్గర పెద్ద డాక్టర్ కళ్లజోడు సర్దుకున్నాడు. బాబాయ్ పేగు కోసి కుట్టింది ఆయనే.

"ఈ మనిషి మన క్షేమం గారు కదూ? జాడ తెలియడం లేదా?"

గదంతా నవ్వులు. బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"ఎదురుగా ఉన్నానుగా సార్!"

"మీరు కనబడుతున్నారండీ. మీ పరీక్ష తేదీ కనబడట్లేదు" అంది కంప్యూటరమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"అమ్మాయీ, నీకు పని నేర్పింది నేను."

"అందుకేనండీ వదలకూడదనుకుంటున్నాను."

వారం రోజులపాటు ఆసుపత్రిలో ఆయన నడవ దాటితే చాలు, ఎవరో ఒకరు "ఎక్కడున్నారండీ, మీ కోసం వెతుకుతున్నారట" అనేవాళ్లు. లిఫ్టు నడిపే ఆయనైతే చెయ్యి పట్టుకుని చూసి, "ఉన్నారండోయ్!" అని లోపలివాళ్లకు సాక్ష్యం చెప్పాడు. బాబాయ్ మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం ఇంట్లో ఫోన్ మోగింది. నేను అప్పుడే మంచినీళ్ల కోసం కిందికి దిగాను. పిన్ని ఎత్తి, విని, నవ్వాపుకుంటూ ఆయన చేతిలో పెట్టింది. స్పీకరు నొక్కి మరీ పెట్టింది.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"నమస్కారమండీ, ఆసుపత్రి నుంచి. కంగారుపడకండి, ఊరికే చేశాను."

"కంప్యూటరమ్మా, నువ్వా!"

"వంటింటి కిటికీ రెక్క ఊడిందన్నారు పోయిన నెల. బాగుచేయించారా?"

"చేయించాం."

"మీ అన్నగారబ్బాయి రాత్రిళ్లు లైటు ఆర్పకుండా చదువుతాడన్నారు. ఇంకా అంతేనా?"

"అంతే." బాబాయ్ నా వంక గుర్రుగా చూశాడు. నేను గోడ వంక చూశాను.

"ఇంకేంటండీ సంగతులు?"

తనే నేర్పిన మెట్లు. ఏ మెట్టు తర్వాత ఏది వస్తుందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. అయినా తప్పించుకోవాలని తొందరపడ్డాడు.

"అన్నీ బాగున్నాయమ్మా" అన్నాడు.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అవతల ఆ అమ్మాయి మెల్లగా అడిగింది.

"అన్నీనా అండీ?"

పిన్ని నవ్వు ఆగిపోయింది. బాబాయ్ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ కంప్యూటర్లో ఎవరెవరి నంబరు ఎదురుగా చివరికి ఏం రాయాల్సి వచ్చిందో, అవన్నీ కొట్టింది ఆయన వేళ్లే. మనకు తెలియనివి ఆయనకు తెలుసు.

"పరీక్షంటే ఏం లేదమ్మా" అన్నాడు చివరికి. "అందులో ఏం రాస్తారో అనే. రాయకపోతే లేనట్టే కదా అని..."

"గురువారం పొద్దున్న ఖాళీ ఉందండీ. మీ పేరు రాసేయనా?"

బాబాయ్ పిన్ని వైపు చూశాడు. పిన్ని తలుపు వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"రాసెయ్" అన్నాడు.

బుధవారం సాయంత్రం కడుపు ఖాళీ చేసే మందు తాగుతూ ఆయన పెట్టిన గోల వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. గురువారం పిన్నీ నేనూ పరీక్ష గది బయట కూర్చున్నాం. పిన్ని చేతిసంచి పట్టీని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. పెద్ద డాక్టర్ బయటికొచ్చి, చిన్న బుడిపె ఒకటి కనిపిస్తే అక్కడికక్కడే తీసేశామని, పరీక్షకు పంపుతున్నామని, చూపుకైతే భయపడేలా లేదని చెప్పాడు. వారం తర్వాత ఆ పరీక్ష కాగితం వచ్చింది. చెడ్డదేమీ కాదు. ఇంకా రెండేళ్లు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టర్ చెప్పబోయాడు కానీ, పిన్ని వినలేదు.

ఆ సాయంత్రమే మళ్లీ ఫోన్.

"నమస్కారమండీ, ఆసుపత్రి నుంచి. ఎలా ఉన్నారండీ?"

"ఎలా ఉంటానమ్మా? ఆ మందు మనుషులు తాగేదేనా? సున్నం కలిపినట్టుంది. ఇక ఆ మంచం! కాళ్లు చాపితే సగం బయటే. పైన ఆ ఫ్యాన్ కిరకిరమంటుంది, ఎవరికీ పట్టదు. గంటసేపు కూర్చోబెట్టి పిలవనే లేదు. ఈ సంగతులన్నీ వచ్చే నెల విశేషాల్లో రాయకపోతే చూడు..."

అవతల టకటకా కొడుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఏం ఎక్కిస్తున్నావమ్మా? నేనింకా చెప్పడం అవలేదు."

"చాలండీ, అయిపోయింది" అందా అమ్మాయి. "మళ్లీ ఏడాది చేస్తాను."